క్రెడిట్ కార్డు మీద మనం చేయని ఖర్చు పడితే: మొదటి మూడు రోజుల్లో ఏం చేయాలి?

రాత్రి ఇషా నమాజు అయి, భోజనాలకు కూర్చునే వేళ ఫోన్ మోగుతుంది. ‘మీ క్రెడిట్ కార్డు నుంచి రూ.18,400 ఖర్చయింది’ అని మెసేజ్. కార్డు చూస్తే బీరువాలో భద్రంగానే ఉంది. ఇంట్లో ఎవరూ ఏమీ కొనలేదు. ఇక అక్కడి నుంచి ఇంట్లో తలో మాట మొదలవుతుంది. ‘ఇప్పుడు బ్యాంకు ఉండదు కదా, రేపు పోయి అడుగుదాం’ అని ఒకరు. ‘ఎవరికీ చెప్పొద్దు, పరువు పోతుంది’ అని ఇంకొకరు. ‘మనకెందుకొచ్చిన గొడవ, బిల్లు కట్టేసి కార్డు మూసేద్దాం’ అని మరొకరు.

ఈ మూడు మాటలూ నష్టం చేసేవే. ఎందుకంటే ఇలాంటి కేసుల్లో డబ్బు ఎవరి నెత్తిన పడాలి అన్నది చాలా వరకు ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది: కార్డుదారు బ్యాంకుకు ఎప్పుడు చెప్పారు, చెప్పినట్టు చేతిలో రుజువు ఉందా లేదా అన్నదే అది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ఈ లెక్కను స్పష్టంగా రాసి పెట్టింది. అది తెలియక, చెల్లించక్కర్లేని డబ్బును కూడా చెల్లించేసేవాళ్లు ఉంటారు.

క్రెడిట్ కార్డు మన ప్రాంతానికి నిన్న మొన్న వచ్చింది కాదు. మచిలీపట్నంలో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డు తెచ్చింది. దేశంలో ఈ పని ముందుగా మొదలుపెట్టిన బ్యాంకుల్లో అదొకటి. అప్పట్లో కార్డు పెద్ద వ్యాపారుల జేబుల్లోనే ఉండేది. ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లో గుమస్తా దగ్గరా ఉంది, ఒంగోలులో సెల్ షాపు కుర్రాడి దగ్గరా ఉంది. కార్డుతో పాటు మోసమూ ఊళ్లలోకి వచ్చింది. కాబట్టి హక్కులు కూడా తెలిసి ఉండాలి.

ముందు అది ఏ రకం ఖర్చో తేల్చుకోవాలి

బిల్లులో తెలియని పేరు కనబడగానే మోసం అనుకోనక్కర్లేదు. నాలుగు రకాలు ఉంటాయి, నాలుగింటికీ దారులు వేరు.

మొదటిది, మనమే చేసి మరిచిపోయిన ఖర్చు. కొట్టు బోర్డు మీద ఒక పేరు ఉంటుంది, బిల్లులో ఆ యజమాని కంపెనీ పేరు వేరేగా పడుతుంది. పెట్రోలు బంకు, హోటలు, ట్రావెల్స్ బిల్లుల్లో ఇలా ఎక్కువ జరుగుతుంది. తేదీ, మొత్తం చూసి ఇంట్లో అందర్నీ ఒకసారి అడగాలి. యాడ్ ఆన్ కార్డు ఉన్న కొడుకునో కూతురునో కూడా అడగాలి.

రెండోది, నెల నెలా దానంతట అదే కోత పడే చందా. సినిమాల యాప్, పిల్లల చదువు యాప్, ఫోన్ గేమ్ లాంటివి. మొదటి నెల ఉచితం అని ఎవరో నొక్కి ఉంటారు. ఇలాంటి ఆటోమేటిక్ కోతకు మొదట్లో ఓటీపీతో అనుమతి తీసుకోవాలి, ప్రతి కోతకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ పంపాలి అని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ మెసేజ్ లోనే వద్దని చెప్పే వీలు ఉంటుంది. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆ అనుమతిని పూర్తిగా రద్దు చేసుకోవచ్చు.

మూడోది, కార్డు ఇచ్చిన బ్యాంకే వేసిన ఖర్చు. సంవత్సరం ఫీజు, ఇన్సూరెన్స్, కార్డు ప్రొటెక్షన్ లాంటివి. అడగకుండా వేస్తే దానిపై ఫిర్యాదు చేయాలి. ఇది మోసం కేసు కాదు, సేవాలోపం కేసు.

నాలుగోదే అసలు మోసం: కార్డుదారుకు తెలియకుండా, అనుమతి లేకుండా వేరే వాళ్లు చేసిన లావాదేవీ. ఈ వ్యాసం ప్రధానంగా దీని గురించే.

ఒక మాట. డబ్బు కట్టినా సరుకు రాలేదు, విరిగిన వస్తువు వచ్చింది అంటే అది కొట్టువాడితో తగాదా. దాన్ని కూడా బ్యాంకు ద్వారా ‘డిస్ప్యూట్’ పెట్టొచ్చు గానీ, ‘నేను చేయని లావాదేవీ’ అని మాత్రం రాయకూడదు. అబద్ధం రాస్తే నిజమైన ఫిర్యాదు కూడా నిలవదు.

అలాగే చిన్న మొత్తమే కదా అని వదిలేయకూడదు. దొంగిలించిన కార్డు నంబరు పనిచేస్తుందో లేదో చూడటానికి మోసగాళ్లు ముందు పదో ఇరవయ్యో కోసి చూస్తారు. అది పోతే తర్వాత పెద్ద దెబ్బ వేస్తారు.

మొదటి గంటలో చేయాల్సిన పనులు

1. కార్డును బ్లాక్ చేయాలి. బ్యాంకు యాప్‌లో, లేదా కార్డు వెనక ముద్రించిన నంబరుకు ఫోన్ చేసి. బ్యాంకులు ఈ ఫిర్యాదులు రాత్రీ పగలూ, సెలవు రోజుల్లోనూ తీసుకోవాలి. బ్రాంచి తెరిచేదాకా ఆగే పని లేదు.

2. నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు అక్కడే కాచుకుని ఉంటాయి. ఒక దెబ్బ తగిలిన వాడికి రెండో దెబ్బ తగిలేది అక్కడే.

3. వాట్సాప్‌లో వచ్చిన ఏదైనా ఏపీకే ఫైలు నొక్కిన తర్వాత ఇది జరిగి ఉంటే ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పాలి. అలాంటి ఫైళ్లు ఫోన్‌లోకి వచ్చే ఓటీపీలను చదివి మోసగాడికి పంపగలవు.

4. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవాలి. తేదీ, టైము, మాట్లాడిన వాళ్ల పేరు కూడా. ఫిర్యాదు అందిందని నంబరుతో సహా బ్యాంకు వెంటనే తెలియజేయాలన్నది 2017 సర్క్యులర్‌లోనే ఉంది.

5. 1930కు ఫోన్ చేయాలి. ఇది కేంద్ర హోం శాఖ కింద నడిచే సైబర్ ఆర్థిక మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు మోసగాడి చేతికి పోకముందే మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

6. ఫోన్‌తో చెప్పినదాన్నే ఈమెయిల్‌లో గానీ, బ్యాంకు యాప్‌లో గానీ రాసి పెట్టాలి. నోటి మాట తర్వాత నిలబడదు, రాత నిలబడుతుంది.

7. మెసేజ్‌లు, కాల్ లిస్టు, వాట్సాప్ సంభాషణ దేన్నీ తుడిచేయొద్దు. స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌లోకి పంపుకోవాలి.

పోలీసు ఫిర్యాదు కాపీని బ్యాంకు తర్వాత అడగొచ్చు. అది చేతికి వచ్చేదాకా బ్యాంకుకు చెప్పకుండా ఆగితే రోజులు కరిగిపోతాయి. ముందు బ్యాంకు, వెంటనే 1930, ఆ తర్వాత స్టేషను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ‘ఇది మా పరిధి కాదు’ అని తిప్పి పంపడానికి లేదు.

ఎవరు ఎంత భరించాలి?

రిజర్వు బ్యాంకు సర్క్యులర్ సారం ఇది.

తప్పు బ్యాంకుది అయితే, అంటే బ్యాంకు వాళ్ల మోసమో, నిర్లక్ష్యమో, వ్యవస్థలో లోపమో ఉంటే, కార్డుదారు ఒక్క రూపాయి కూడా భరించనక్కర్లేదు. ఇందులో ఫిర్యాదు ఆలస్యమైందా అన్న ప్రశ్నే లేదు.

తప్పు బ్యాంకుదీ కాదు, కార్డుదారుదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో డేటా లీకైంది అనుకుందాం. అప్పుడు బ్యాంకు నుంచి మెసేజ్ అందిన తర్వాత మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం సున్నా.

నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే నష్టానికి హద్దు ఉంది. రూ.5 లక్షల వరకు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకు ఒక్కో లావాదేవీకి గరిష్టంగా రూ.10,000. అంతకు మించి పరిమితి ఉన్న కార్డుకు రూ.25,000. లావాదేవీ మొత్తం అంతకంటే తక్కువైతే ఆ తక్కువే లెక్క.

ఏడు పనిదినాలు దాటితే బ్యాంకు బోర్డు ఆమోదించిన పాలసీ ఎలా చెబితే అలా. అంటే అప్పటికి హక్కు కాస్తా బ్యాంకు దయగా మారిపోతుంది.

ఉదాహరణకు, రూ.3 లక్షల పరిమితి ఉన్న కార్డు మీద ఒకేసారి రూ.60,000 పోయింది. మూడు రోజుల్లో చెబితే మొత్తం రూ.60,000 బ్యాంకుదే బాధ్యత. ఐదో రోజు చెబితే రూ.10,000 ఇంటివాళ్ల మీద పడుతుంది, మిగతా రూ.50,000 బ్యాంకు భరిస్తుంది. నెల తర్వాత బిల్లు చూసి చెబితే మొత్తానికే ఎసరు రావొచ్చు. పోయిన డబ్బు అదే, చెప్పిన రోజే మారింది.

ఎవరికీ తెలియకుండా మధ్యలో డేటా పోవడం అన్నది ఊహ కాదు. 2016లో దేశంలో సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల వివరాలు ప్రమాదంలో పడ్డాయి. ఆ కార్డుదారులు ఎవరికీ ఏ నంబరూ చెప్పలేదు. ఏటీఎం సేవలు నడిపే సంస్థ వ్యవస్థలోకి చొరబడిన మాల్‌వేర్ వల్ల అలా జరిగింది. ‘మీరే ఎక్కడో చెప్పి ఉంటారు’ అని ఎవరైనా అంటే తలదించుకోనక్కర్లేదు. కార్డుదారుదే తప్పు అని రుజువు చేయాల్సిన భారం బ్యాంకు మీదే ఉందని అదే సర్క్యులర్ చెబుతోంది.

ఓటీపీ చెప్పేశాం, ఇక అయిపోయినట్టేనా?

చాలా ఇళ్లలో నోరు మూయించేది ఈ భయమే. అమ్మీ ఫోన్‌కు ఎవరో చేసి, ‘కార్డు ఆగిపోతుంది’ అని బెదిరించి నంబరు చెప్పించుకుంటారు. ఆమె ఆ మాట కొడుకుతో చెప్పడానికే రెండు రోజులు వెనకాడుతుంది.

నిబంధన ఇలా ఉంది: కార్డుదారు నిర్లక్ష్యం వల్ల, అంటే పిన్, ఓటీపీ లాంటివి ఇంకొకరికి చెప్పడం వల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం కార్డుదారుదే. తెలియజేసిన తర్వాత జరిగే నష్టం మాత్రం బ్యాంకుదే. అంటే ఓటీపీ చెప్పినవాళ్లు అందరికంటే త్వరగా ఫోన్ చేయాలి. సిగ్గుపడి ఆగిన ప్రతి గంటా మోసగాడికి ఇచ్చిన గడువే. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు మోసపోతే ముందు కోప్పడకుండా కార్డు బ్లాక్ చేయించాలి. కోపం తర్వాతైనా పడొచ్చు.

ఓటీపీ వాడారు కాబట్టి కార్డుదారుదే తప్పు అని బ్యాంకు ఒక్క మాటతో తేల్చేయడానికి కూడా లేదు. అస్సాంలో ఒక వినియోగదారు ఆన్‌లైన్‌లో కొన్న బట్టలు తిరిగి ఇవ్వబోయి, కస్టమర్ కేర్ పేరుతో మాట్లాడిన మోసగాడి మాట విని ఒక యాప్ వేసుకున్నారు. ఖాతాలో రూ.94 వేలకు పైగా పోయింది. ఆయన వెంటనే బ్యాంకుకు, పోలీసులకు చెప్పారు. బ్యాంకు కాదంది. కేసు గువాహటి హైకోర్టుకు వెళ్లింది, బ్యాంకే బాధ్యత వహించాలని తీర్పు వచ్చింది. బ్యాంకు సుప్రీంకోర్టుకు వెళ్తే 2025 జనవరి 3న అక్కడా ఆ తీర్పే నిలిచింది. అది ఖాతా కేసే గానీ, కార్డు కేసులకూ పనికొచ్చే పాఠం అందులో ఉంది. వెంటనే చెప్పడమే ఆయనను కాపాడింది.

అయితే ఒక్కటి గుర్తుంచుకోవాలి. ప్రతి కేసూ ఇలాగే తేలుతుందని అనుకోకూడదు. కార్డు, పిన్ చుట్టాలకో స్నేహితుడికో ఇచ్చి, ఆయన ఎక్కువ వాడేస్తే అది బ్యాంకు భరించే నష్టం కాదు.

రోజులు ఎలా లెక్కపెట్టాలి?

లెక్కలోకి వచ్చేవి పనిదినాలు మాత్రమే. మెసేజ్ వచ్చిన రోజు కలపరు. మంగళవారం రాత్రి మెసేజ్ వస్తే బుధ, గురు, శుక్రవారాలు మూడు రోజులు. రెండో శనివారం ముందటి శుక్రవారం వస్తే శని, ఆదివారాలు పోయి సోమ, మంగళ, బుధవారాలు లెక్క. మధ్యలో రంజాన్ పండుగ లాంటి బ్యాంకు సెలవు వస్తే అదీ లెక్కలోకి రాదు.

ఇది హక్కు లెక్క మాత్రమే. సెలవు కదా అని ఫోన్ చేయకుండా ఆగడానికి ఇది సాకు కాకూడదు. ఆ లోపు రెండో, మూడో లావాదేవీ కూడా పడొచ్చు.

తర్వాత బ్యాంకు ఏం చేయాలి?

చెప్పిన రోజు నుంచి 10 పనిదినాల్లోపు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా కార్డు ఖాతాకు తిరిగి జమ చేయాలి. ఇన్సూరెన్స్ డబ్బు వచ్చాక చూద్దాం అనడానికి లేదు. ఆ జమ లావాదేవీ జరిగిన తేదీ నుంచే లెక్కకు రావాలి. 90 రోజుల్లోపు విచారణ ముగించి బాధ్యత ఎవరిదో తేల్చాలి. తేల్చలేకపోతే పైన చెప్పిన హద్దుల ప్రకారం కార్డుదారుకు రావాల్సింది ఇచ్చేయాలి.

తాత్కాలిక జమ కనబడగానే పని అయిపోయిందని ఊరుకోకూడదు. విచారణలో తేడా వస్తే బ్యాంకు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి ‘విచారణ ముగిసింది’ అని రాతపూర్వకంగా వచ్చేదాకా కాగితాలు దాచి ఉంచాలి.

బిల్లు గడువు దగ్గరపడితే కట్టాలా?

వడ్డీ జోలికి పోకూడదని ప్రతి నెలా బిల్లు మొత్తం గడువులోపే కట్టేసే కుటుంబాలను ఎక్కువగా కలవరపెట్టేది ఈ ప్రశ్నే. చేయని ఖర్చుకు డబ్బు కట్టాలా, లేక కట్టకుండా వడ్డీ పడనివ్వాలా?

రెండూ అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న ఇచ్చిన కార్డుల మాస్టర్ డైరెక్షన్ ప్రకారం, మోసం అని కార్డుదారు ఫిర్యాదు చేసిన లావాదేవీ మీద ఆ తగాదా తేలేదాకా ఎలాంటి ఛార్జీలూ వేయకూడదు. 2017 సర్క్యులర్ కూడా క్రెడిట్ కార్డుదారుపై అదనపు వడ్డీ భారం పడకూడదనే చెబుతోంది.

చేయాల్సింది ఇది. బిల్లులో తమ ఖర్చు ఎంతో లెక్క కట్టి ఆ భాగాన్ని గడువులోపు పూర్తిగా చెల్లించాలి. మోసం మొత్తాన్ని మాత్రమే ఆపి, ఎంత, ఎందుకు ఆపారో ఫిర్యాదు నంబరుతో సహా బ్యాంకుకు రాయాలి. కోపంతో బిల్లు మొత్తం ఆపేస్తే సొంత ఖర్చు మీద లేటు ఫీజు, వడ్డీ పడతాయి. వాటిని తీసేయమని అడిగే హక్కు ఉండదు. వచ్చే నెల బిల్లులో మోసం మొత్తం మీద వడ్డీ గానీ, లేటు ఫీజు గానీ, వాటి మీద జీఎస్టీ గానీ కనబడితే వెంటనే తీసేయమని రాయాలి.

ఇంకో జాగ్రత్త సిబిల్ గురించి. తేలని తగాదాను బాకీగా క్రెడిట్ సమాచార సంస్థలకు చేరవేస్తే రేపు ఇంటి లోనుకు, పంట లోనుకు ఇబ్బంది. సిబిల్‌తో సహా నాలుగు సంస్థలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు చేసిన రెండు మూడు నెలలకు ఒకసారి తెప్పించి చూసుకోవాలి. తప్పు ఉంటే సరిచేయమని అడిగిన 30 రోజుల్లోపు సరిచేయాలి. దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం అడగొచ్చు.

ఫిర్యాదు ఎలా రాయాలి?

పెద్ద భాష అక్కర్లేదు. తెలుగులో రాసినా చాలు, ఈ విషయాలు ఉంటే సరి.

‘నా పేరుతో ఉన్న, చివరి నాలుగు అంకెలు ఫలానా అయిన క్రెడిట్ కార్డు మీద ఫలానా తేదీన, ఫలానా టైముకు, ఫలానా వ్యాపారి పేరుతో ఇంత మొత్తం ఖర్చు పడింది. ఈ లావాదేవీ నేను చేయలేదు, ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. అప్పుడు కార్డు నా దగ్గరే ఉంది. మెసేజ్ ఫలానా తేదీన అందింది. ఫలానా తేదీ, టైముకు మీ హెల్ప్‌లైన్‌కు తెలియజేశాను, ఫిర్యాదు నంబరు ఇది. కార్డు బ్లాక్ చేయించాను. 1930 ఫిర్యాదు నంబరు ఇది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 సర్క్యులర్ ప్రకారం 10 పనిదినాల్లోపు ఈ మొత్తాన్ని తిరిగి జమ చేయాలని, తగాదా తేలేదాకా దీనిపై వడ్డీ, ఛార్జీలు వేయవద్దని కోరుతున్నాను.’

పూర్తి కార్డు నంబరు, కార్డు వెనక ఉండే మూడు అంకెలు, పిన్ మాత్రం ఎక్కడా రాయకూడదు. ఓటీపీ చెప్పి ఉంటే దాచకుండా ఆ మాటా రాయాలి. తర్వాత బయటపడితే మిగతా నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

ఉత్తరం ఎవరికి ఇవ్వాలో కూడా చూసుకోవాలి. కార్డు ఇచ్చిన సంస్థకే ఇవ్వాలి. ఉదాహరణకు ఎస్‌బీఐ కార్డు అన్నది స్టేట్ బ్యాంకు బ్రాంచీలకు వేరుగా ఉన్న కంపెనీ. బ్రాంచిలో ఇచ్చిన కాగితం అక్కడే ఉండిపోతే రోజులు పోతాయి. షాపింగ్ కంపెనీ పేరుతో వచ్చే కార్డుల మీద కూడా ఒక బ్యాంకు పేరు ఉంటుంది. ఫిర్యాదు ఆ బ్యాంకుకే.

బ్యాంకు కాదంటే?

ముందు బ్యాంకులోనే పై అధికారికి, అంటే గ్రీవెన్స్ లేదా నోడల్ అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. 2021 నవంబర్ 12 నుంచి దేశమంతటికీ ఒకే అంబుడ్స్‌మన్ పథకం ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. సీఎంఎస్ డాట్ ఆర్బీఐ డాట్ ఓఆర్జీ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. కంప్యూటర్ రాని వాళ్లు కాగితం మీద రాసి రిజర్వు బ్యాంకు సెంట్రలైజ్డ్ రిసీప్ట్ అండ్ ప్రాసెసింగ్ సెంటర్, సెక్టార్ 17, చండీగఢ్, 160017 చిరునామాకు పంపొచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది.

బ్యాంకుకు ముందు ఫిర్యాదు చేయకుండా నేరుగా అంబుడ్స్‌మన్‌కు రాస్తే అది నిలవదు. బ్యాంకు జవాబు వచ్చాక మరీ ఆలస్యం చేసినా అంతే. ఏడాదిలోపు వెళ్లాలి.

ఇంకో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బ్యాంకు హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా సరే, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. రెండేళ్లలోపు వేయాలి. ఎలా వేయాలో 1915 హెల్ప్‌లైన్ చెబుతుంది. అయితే కమిషన్‌లో అదే విషయంపై కేసు నడుస్తుంటే అంబుడ్స్‌మన్ తీసుకోరు. ఖర్చు లేని దారి కాబట్టి ముందు అంబుడ్స్‌మన్‌ను చూసుకుని, అవసరమైతే తర్వాత కమిషన్‌కు వెళ్లడం మేలు.

అడగని కార్డు ఇంటికి వస్తే

పంట అమ్ముకున్న సీజన్‌లోనో, ఖాతా తెరిచినప్పుడో అడగకుండానే కార్డు వచ్చి, దాని మీద ఫీజు బిల్లు కూడా రావడం ఉంది. కార్డుదారు అనుమతి లేకుండా కార్డు ఇవ్వడాన్ని 2022 మాస్టర్ డైరెక్షన్ నిషేధించింది. అలా ఇచ్చి బిల్లు వేస్తే ఆ ఛార్జీలు రద్దు చేయడమే కాదు, వాటికి రెట్టింపు మొత్తం పెనాల్టీగా ఆ వ్యక్తికి చెల్లించాలి. వద్దనుకున్న కార్డు మూసేయమని అడిగితే, బాకీ ఏమీ లేనప్పుడు ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.500 చెల్లించాలి.

మన ఇళ్లలో సరిచూసుకోవాల్సినవి

ఫోన్ నంబరు ఎవరిది? కార్డు అబ్బా పేరు మీద, నంబరు దుబాయ్‌లోనో జెడ్డాలోనో ఉన్న కొడుకుది అయితే మెసేజ్ అక్కడికి పోతుంది. ఆ సిమ్ రీచార్జి లేక ఆగిపోయి ఉంటే మెసేజ్ ఎవరికీ అందదు. కార్డు వాడేవాళ్లు ఎక్కడుంటే ఆ నంబరే బ్యాంకులో ఉండాలి. ఈమెయిల్ కూడా ఇవ్వాలి.

పాత బ్యాంకు పేరు: ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. గుంటూరు కేంద్రంగా నడిచిన చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. పాత పాస్‌బుక్కుల మీద ఉన్న ఫోన్ నంబర్లు ఇప్పుడు పనిచేయకపోవచ్చు. కొత్త నంబరు ఈరోజే బ్రాంచిలో కనుక్కుని గోడ మీద క్యాలెండరు పక్కన రాసుకోవాలి. ఆపద వేళ వెతుక్కోవడం కుదరదు.

ఉమ్రా, హజ్ ప్రయాణం: మక్కా, మదీనాల్లో వాడుకోవడానికి కార్డులో అంతర్జాతీయ వాడకం ఆన్ చేస్తారు. తిరిగి వచ్చాక ఆఫ్ చేయడం మరిచిపోతారు. మన దేశపు వెబ్‌సైట్లలో ఓటీపీ అడుగుతారు గానీ, విదేశీ వెబ్‌సైట్లలో అది లేకుండానే కార్డు నడిచిపోయే వీలు ఉంటుంది. 2020 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్, అంతర్జాతీయ, కాంటాక్ట్‌లెస్ వాడకాలను విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకునే సదుపాయం ఉండి తీరాలి. ఇంటికి వచ్చి జమ్‌జమ్ నీళ్లు పంచే రోజే ఆ స్విచ్ కూడా ఆఫ్ చేసేయాలి. తక్కువ ధరకు ఉమ్రా ప్యాకేజీ అంటూ వాట్సాప్‌లో వచ్చే లింకుల్లో కార్డు నంబరు కొట్టకూడదు.

కాంటాక్ట్‌లెస్: రూ.5,000 వరకు పిన్ లేకుండానే నడుస్తుంది. జాతరలోనో బస్టాండులోనో పర్సు పోతే ఇదే ముందు ప్రమాదం. అవసరం లేకపోతే ఆఫ్ చేయాలి, లేదా పరిమితి తగ్గించాలి.

ఏపీకే ఫైళ్లు: పీఎం కిసాన్ డబ్బు, ట్రాఫిక్ చలానా, పెళ్లి పత్రిక పేర్లతో వస్తాయి. పత్తి, మిర్చి పెట్టుబడుల రోజుల్లో రైతు ఏ మెసేజ్ అయినా ఆశగా తెరుస్తాడు. ప్రభుత్వ పథకం ఏదీ వాట్సాప్ ఫైలు రూపంలో రాదు.

కిసాన్ క్రెడిట్ కార్డు: పేరులో క్రెడిట్ కార్డు ఉన్నా అది పంట రుణ ఖాతా. నష్టం హద్దుల లెక్క అక్కడ ఇలాగే ఉండకపోవచ్చు. కానీ చేయని లావాదేవీ కనబడితే వెంటనే బ్లాక్ చేయించడం, 1930కు చెప్పడం, రాసి ఇవ్వడం మాత్రం ఒక్కటే.

బ్యాంకు పేరుతో ఫోన్: బ్యాంకులు సేవల కోసం చేసే కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి, వెబ్‌సైట్ల చివర డాట్ బ్యాంక్ డాట్ ఇన్ ఉండాలి అని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. నంబరు సరిగ్గానే ఉన్నా ఓటీపీ మాత్రం ఎవరికీ చెప్పకూడదు. దాన్ని అడిగే హక్కు బ్యాంకు ఉద్యోగికి కూడా లేదు.

నిబంధనలను రిజర్వు బ్యాంకు అప్పుడప్పుడూ సవరిస్తూ ఉంటుంది. ఫిర్యాదు చేసే రోజున 14448కు ఫోన్ చేసి గడువులు, మొత్తాలు ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

బిల్లును నెలకు ఒకసారి కాదు, వారానికి ఒకసారి యాప్‌లో చూసుకునే అలవాటు పెట్టుకుంటే సగం గండం గడిచినట్టే. జుమా రోజు మధ్యాహ్నం అయిదు నిమిషాలు చాలు. తెలియని పేరు కనబడితే ఆ పూటే ఫోన్, ఆ పూటే రాత.